గోటికి అంటిన ఎరుపు

మద్రాసు, చింతాద్రిపేట
18 జనవరి 1960

అక్కకు, భాగ్యమ్మ నమస్కరించి రాస్తున్నది.

పార్సిలు నెమ్మదిగా విప్పు. వరిపొట్టులో మూడు సీసాలు ఉన్నాయి. మందులు కావు, గోళ్ళకు వేసుకునే రంగులు. ముందు నవ్వుకో, తరువాత చదువు.

మీ మరిది పనిచేసే ప్రెస్సులోనే ఒక స్త్రీల మాసపత్రిక అచ్చవుతుందని చెప్పాను కదా. దానికి ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ ఉంటే, ఈ మధ్య నాకే ఒక పేజీ ఇచ్చారు. బజారులోకి వచ్చే గోళ్ళ రంగులు వేయించి చూసి, రంగు ఎట్లా ఉంది, మెరుపు ఎట్లా ఉంది, ఎన్నాళ్ళు నిలుస్తుంది, రాయాలి. మొదటి నెల ఇక్కడి ముగ్గురు అమ్మగార్లకు ఇచ్చాను. వాళ్ళ చేతులు నీళ్ళలో పడవు అక్కా. ఏ రంగయినా నెల రోజులు నిలుస్తుంది. ముగ్గురూ "చాలా బాగుంది" అన్నారు. అదే రాసిస్తే సంపాదకుడు చదివి, "ఏమమ్మా, ఇది సమీక్షా, శుభలేఖా?" అన్నాడు.

అంట్లు తోమే చేతులు కావాలి నాకు. పేడ పిసికే చేతులు, వేరుశనక్కాయలు ఒలిచే చేతులు. లేనిది ఉన్నట్టు రాయని మనిషి కావాలి. ఈ రెండూ నాకు తెలిసి నీ ఇంట్లోనే ఉన్నాయి. నిన్ను వేసుకోమనడం లేదు. నీ కోడలు నాగేంద్రమ్మకు వేసి చూడు. పెళ్ళయి రెండేళ్ళయినా ఇంకా చిన్నపిల్లే కదా, సరదాపడుతుంది.

ఒకటో నంబరు సీసా కుంకుమ రంగు. రెండోది రంగు లేనిది, ఉత్త మెరుపు. మూడోది తుడిచే మందు, పొయ్యికి దూరంగా పెట్టు.

నీ చెల్లెలు
భాగ్య


మార్కాపురం, కర్నూలు జిల్లా
6 ఫిబ్రవరి 1960

చెల్లెలు భాగ్యకు దీవెనలు.

సీసాలు పగలకుండా చేరాయి. పొద్దున దీపం పెట్టుకుని కూర్చుని రాస్తున్నాను. అడిగినవి వరుసగా చెబుతాను.

కుంకుమ రంగు సీసాలో ఎండుమిరపకాయ, గోటి మీద పండుమిరపకాయ. ఒక పూత చాలదు, గోరు కనిపిస్తుంది. రెండో పూతతో నిండుతుంది. వాసన, మగ్గిన అరటిపండు మీద కిరసనాయిలు చల్లినట్టు. కుంచె వెంట్రుకలు రెండు ఊడి గోటికి అతుక్కున్నాయి. ఆరడానికి ఎసట్లో బియ్యం పోసి అన్నం దించేంత సేపు. ఆరకముందే అబ్బాయి వెంకటస్వామి పలకల అంగడి నుంచి వచ్చి తువ్వాలు దులిపాడు. రాతిపొడి నాగేంద్రమ్మ గోళ్ళకు పట్టి గరుకైపోయింది. మళ్ళీ వేశాను.

బూడిదతో అంట్లు తోమితే మూడోనాటికి కొనల దగ్గర పెచ్చు లేస్తుంది. పేడకు ఏమీ కాదు. కాయలు ఒలిస్తే బొటనవేలిది పోతుంది. తక్కిన వేళ్ళవి ఆరు రోజులు ఉన్నాయి.

మీ బావ పోయిన తరువాత ఎర్రది నాకు తగదు. రంగు లేనిది నా వేళ్ళకు నాగేంద్రమ్మే పూసింది. "రంగే లేనప్పుడు దోషమేందత్తా? నెయ్యి పూసుకున్నట్లే గదా" అంది. మరునాడు పూజకు పూలు కోస్తుంటే గోళ్ళు మెరిశాయి. సిగ్గేసి తుడిచేశాను. అది మంచి మెరుపే, రాసుకో.

ఇంకొక సంగతి. ఎర్రది తుడిచినా పూర్తిగా పోదు. గోటికి లేత ఎరుపు అంటి ఉంటుంది. చూడడానికి బాగుంది, రోజాపువ్వు రేకులాగా.

పక్కింటి రోశమ్మ వచ్చి చూసి, "మద్రాసు మనకు రాకపాయె, మద్రాసు గోళ్ళన్నా వచ్చినాయి పో" అని నవ్వింది.

అక్క
శేషమ్మ


మద్రాసు
20 మార్చి 1960

అక్కకు,

నీ ఉత్తరం ఉన్నదున్నట్టు అచ్చు వేశాం. కింద "మార్కాపురం అక్కయ్య" అని పెట్టాను. ఎండుమిరపకాయ, పండుమిరపకాయ మాట సంపాదకుడు ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడు. పాఠకుల నుంచి పందొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. "తుడిచినా మిగిలే రోజారేకు కాంతి" అనేదాన్ని పేజీకి తలకట్టుగా పెట్టాను. కంపెనీ వాళ్ళకు అది ఎంత నచ్చిందంటే వచ్చే నెల నుంచి ప్రకటన ఇస్తామన్నారు.

ఈసారి పంపుతున్నది ముత్యపు మెరుపు రంగు. ఒక పద్ధతి పెట్టుకున్నాను అక్కా. ఏ రంగయినా పది రోజులు తుడవకూడదు. పెచ్చు లేచిన చోట దాని మీదే మళ్ళీ వేయాలి. అప్పుడే రంగు గుణం బయటపడుతుంది.

ఎవరో నర్సు ఒకామె గోళ్ళ రంగుల మీద ఫిర్యాదు రాసింది. సంపాదకుడు పక్కన పెట్టమన్నాడు. మెచ్చుకున్నవాళ్ళు పందొమ్మిది మంది ఉన్నప్పుడు ఒకరి ఫిర్యాదు నీకు రాసి విసిగించడం ఎందుకు.

భాగ్య


మార్కాపురం
22 ఏప్రిల్ 1960

చెల్లెలు భాగ్యకు దీవెనలు.

ముత్యపు రంగు నీడలో తెల్లగా, ఎండలో చేప పొలుసులా ఉంటుంది. కుంచె గీసిన గీతలు కనపడతాయి. చెయ్యి తిరిగినవాళ్ళు వేస్తేనే అందం. దీని కింద పాత ఎరుపు లేతగా కనిపిస్తుంది, అది ఇంకా బాగుంది. నువ్వు చెప్పినట్టు పది రోజులు తుడవలేదు. వీధిలో ఆడవాళ్ళు నలుగురు వచ్చి వేయించుకుని పోయారు. ఒకామె మొగుడు, "ఈ చేతులతో కలిపిన సంగటి నేను తినను" అన్నాడట. "తినకపోతే మిగులుతాది" అందట ఆమె. తిన్నాడట.

రోశమ్మ కూతురు బాలింత. దాని గోళ్ళు తెల్లబడ్డాయి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావాలి. రాలేదు. మా అత్త నాకు నేర్పిన విద్య ఇదొక్కటే. ఒంట్లో రక్తం లేదని చెప్పి, ఆసుపత్రికి తోలించాను. మందులిచ్చారు. ఇప్పుడు మేలు.

నాగేంద్రమ్మ కొంచెం నీరసంగా ఉంటోంది. కారణం ఉంది. కాగితం మీద పెట్టే కారణం కాదు, అమ్మ పద్ధతి నీకు తెలుసు. దాని గోళ్ళు ఎర్రగానే ఉన్నాయి. దేవుడున్నాడు.

శేషమ్మ


మద్రాసు
29 మే 1960

అక్కకు,

పరుగు మీద రాస్తున్నాను. జూలైలో ప్రత్యేక సంచిక. నా పేజీ రెండు పేజీలవుతుంది, లేదా పూర్తిగా పోతుంది. వేరే ఒకావిడ వంటల పేజీ కోసం కాచుకుని కూర్చుంది. నీ మాట బాగుంటే నా చోటు నిలుస్తుంది.

ఈ సీసా నేరేడు రంగు. చిక్కనిది, రెండు పూతలకే గోరు పూర్తిగా కప్పేస్తుందట. పది రోజుల పద్ధతి మరువకు. తొమ్మిదో రోజున తుడిచినా పనికిరాదు.

నాగేంద్రమ్మకు నీరసం అన్నావు. ఎండ అయి ఉంటుంది. అక్కడ మేనెల నాకు తెలియనిదా. మజ్జిగ తాగమను.

భాగ్య


మార్కాపురం
30 జూన్ 1960

చెల్లెలు భాగ్యకు,

నేరేడు రంగు మంచిది. చిక్కగా ఉంది. ఒక పూతకే గోరు కనిపించదు. కుంచె బాగుంది, వెంట్రుకలు ఊడలేదు. బూడిదకు నిలిచింది. నూనె చేతులకు ఇంకా మెరుస్తుంది. పదో రోజుకు చిటికెన వేలిది ఒక్కటే పెచ్చు లేచింది. ఇప్పటిదాకా పంపిన వాటిలో ఇదే మేలు. అట్లాగే రాయి.

నాగేంద్రమ్మ ఎనిమిదో రోజున తీసేద్దామంది. రెండు రోజులు ఓర్చుకోమన్నాను. చిన్నత్త పేజీ ఉండాలి కదా అన్నాను. సరేనంది. పదో రోజు దాటినా దాని మీదే ఇంకొక పూత వేశాను, ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దామని.

శేషమ్మ


మద్రాసు
24 ఆగస్టు 1960

అక్కకు,

ఇది మూడో ఉత్తరం. ప్రత్యేక సంచిక పంపాను, అందిందా? నేరేడు రంగు మద్రాసు అంగళ్ళలో దొరకడం లేదు, అంతా నీ మాట పుణ్యం. నాకు రెండు పేజీలు ఇచ్చారు.

రెండు నెలలుగా నీ దగ్గర నుంచి కార్డు ముక్క కూడా లేదు. ఎప్పుడూ ఇట్లా చేయలేదు నువ్వు. అమ్మ పోయినప్పుడు కూడా మూడో రోజుకే నాకు ఉత్తరం వేశావు. నా మీద కోపమా? వెంకటస్వామి చేతనైనా నాలుగు ముక్కలు రాయించు.

భాగ్య


మార్కాపురం
11 సెప్టెంబరు 1960

భాగ్యకు,

నీ ఉత్తరాలు మూడూ ఉన్నాయి. జవాబుకు రెండుసార్లు కూర్చుని లేచాను.

నాగేంద్రమ్మ కడుపుతో ఉండేది. గాజులు తొడిగించేదాకా ఆ మాట కాగితం మీద పెట్టకూడదని అమ్మ అనేది. పుట్టింటికి ఉత్తరం రాసిన ప్రతిసారీ తన కడుపు పోయిందని నమ్మేది. నేను అమ్మ మాట దాటలేదు. ఏడో నెల ఆషాఢంలో పడింది. శ్రావణంలో గాజులు తొడిగించి ఆ రోజే నీకు రాద్దామనుకున్నాను.

జూలై నాలుగున బావి దగ్గర పడిపోయింది. జట్కాలో స్టేషనుకు, అక్కడ నుంచి రైల్లో కంభం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమెకు తెలివి లేదు. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది. తరువాత చెయ్యి పట్టుకుంది.

"ఇదేందమ్మా గోళ్ళకు?"

"రంగమ్మా."

"కడుపుతో ఉన్న మనిషికి ఇట్లా కప్పిపెడితే ఎట్లా? ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?"

"నేనే పెద్దదాన్ని" అన్నాను.

బ్లేడు తీసుకుని బొటనవేలి గోటి మీద గీకింది. నేరేడు రంగు పోయింది. కింద ఎరుపు కనిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "చూడమ్మా, ఎర్రగానే ఉంది" అన్నాను. డాక్టరమ్మ ఇంకొంచెం గీకింది. ఆ ఎరుపు కూడా పొడిగా రాలింది. కింద గోరు బలపంలా ఉంది.

అది రక్తం కాదు భాగ్యా. ఫిబ్రవరిలో నేను నీకు మెచ్చుకుని రాసిన ఎరుపు.

ఒంట్లో రక్తం నీళ్ళయిపోయిందని, ఇది ఒక్కనాటితో అయింది కాదని, నెలల కిందట తీసుకొచ్చి ఉంటే మందులతో పోయేదని చెప్పింది. బిడ్డ మరునాడు పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. నాగేంద్రమ్మ పద్దెనిమిది రోజులు అక్కడే ఉండి బతికింది.

నీకు రాయనిది ఇంకొకటి ఉంది. ఎనిమిదో రోజున తీసేద్దామంది అని రాశాను. ఎందుకు తీసేద్దామందో రాయలేదు. "అత్తా, రోశమ్మక్క కూతురివి చూసినట్ల నా గోళ్ళు గూడ ఒకసారి చూడరాదా? ఒళ్ళు తేలిపోతాంది" అంది. నేను రెండు రోజులు ఆగమన్నాను. రెండు రోజుల తరువాత ఆమె మళ్ళీ అడగలేదు. నేను ఇంకొక పూత వేశాను.

కనురెప్ప చూడొచ్చు, నాలుక చూడొచ్చు. నాకు గోళ్ళే అలవాటు, గోళ్ళే చాలనుకున్నాను. ఐదు నెలలు ఆ చేతులు నా ఒళ్ళో పెట్టుకున్నాను. రంగు చూశాను.

నాగేంద్రమ్మ గిద్దలూరు దగ్గర పుట్టింట్లో ఉంది. ఈ సంగతి ఆమెకు తెలియదు. అందరూ దేవుడి రాత అంటున్నారు. నేనూ ఊకొడుతున్నాను. చేసింది నేనైతే ఆయన పేరు చెప్పి ఊకొట్టడం కష్టంగా ఉంది.

శేషమ్మ


మద్రాసు
19 సెప్టెంబరు 1960

అక్కా,

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించబోయి సగంలో ఆపేశాను. మిగతాది ఆయనే చదువుకున్నారు.

మార్చిలో ఒక నర్సు ఫిర్యాదు రాసిందని నీకు రాశాను, గుర్తుందా? ఏమి ఫిర్యాదో రాయలేదు. ఇప్పుడు సొరుగులోంచి తీసి ముందు పెట్టుకున్నాను. ఇట్లా ఉంది. "అయ్యా, పురిటికి వచ్చేవాళ్ళ ఒంట్లో రక్తం ఉందో లేదో మేము ముందు గోళ్ళు చూసి పసిగడతాము. ఇప్పుడు రంగులు వేసుకుని వస్తున్నారు. తుడిచినా ఎరుపు పోవడం లేదు. కడుపుతో ఉన్నవారు ఇవి వేసుకోవద్దని మీ పత్రికలో ఒక్క ముక్క వేయండి. సాయం చేసినవారవుతారు."

తుడిచినా ఎరుపు పోవడం లేదు అని ఆమె రాసిన నెలలోనే నేను దాన్ని తలకట్టుగా పెట్టి అచ్చు వేశాను. కంపెనీ ప్రకటన వస్తున్నదని సంపాదకుడు ఈ ఉత్తరం వద్దన్నాడు. వాదిస్తే వేసేవాడేమో. నేను వాదించలేదు. పేజీ కొత్తది, పోతుందని భయం.

పది రోజుల పద్ధతి కంపెనీది కాదు, పత్రికది కాదు. నాది. వేరే ఎవరూ చేయనిది చేశానని అనిపించుకోవాలని.

నువ్వు "అమ్మ పద్ధతి" అని రాసినప్పుడే నాకు తట్టి ఉండాలి. అమ్మ కడుపున పుట్టినదాన్నే కదా. నీ ఉత్తరంలో గోళ్ళ రంగు ఎంతవరకు ఉందో అంతవరకే చదివాను. తక్కినది ఎండ అన్నాను, మజ్జిగ అన్నాను.

నాగేంద్రమ్మకు చెప్పవద్దు అక్కా. నీకు దండం పెడతాను. ఇంక ఆమె నీ గడప తొక్కదు. చెప్పకుండా ఉండలేకపోతే, చిన్నత్త వల్ల జరిగిందని చెప్పు. నేను దూరంగా ఉన్నాను, తిట్టించుకుంటాను. నువ్వు ఆమెతో ఒకే పొయ్యి మీద బతకాలి.

డిసెంబరు సంచికతో పేజీ మానేస్తానని రేపు చెప్పబోతున్నాను.

భాగ్య


మార్కాపురం
14 నవంబరు 1960

చెల్లెలు భాగ్యకు దీవెనలు.

నీ తప్పు నీ దగ్గర ఉండనీ, నా తప్పు నా దగ్గర ఉంటుంది. కలిపి పంచుకుంటే తేలికపడతాయనుకోకు.

నేను గిద్దలూరు పోయి వచ్చాను. నాగేంద్రమ్మ నాయన పోలయ్య గొర్రెలు తోలుకుని బయలుదేరుతున్నాడు. "రా వదినా, రైలు పొద్దుతోనే వచ్చినాదే" అని వాటిని తమ్ముడికి అప్పజెప్పి మంచం వాల్చాడు. నాగేంద్రమ్మ కందులు చెరుగుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి చేట కింద పెట్టి నీళ్ళు తెచ్చింది. నేను తాగకుండానే చెప్పాను. గోళ్ళ సంగతి, డాక్టరమ్మ గీకి చూపించిన సంగతి, ముందే చూసి ఉంటే మందులతో పోయేదన్న మాట. నీ నర్సు ఉత్తరం చెప్పలేదు. అది నువ్వు చెప్పవలసింది.

చాలాసేపు కందుల్లో రాళ్ళు ఏరింది. తరువాత అంది.

"ఆ పొద్దు నేను చూడమంటి గదత్తా."

"అన్నావు."

"రెండు దినాలు ఆగమంటివి."

"అన్నాను."

"ఇన్నాళ్ళూ నీళ్ళ బిందె మోసినందుకే పాయెననుకుంటి. నువ్వు వద్దన్నా మోసినానని. పొద్దున లేస్తే నన్ను నేనే తిట్టుకుంటా ఉంటి."

"నీ తప్పు ఏమీ లేదు."

"అయితే ఇప్పుడు ఎవురిని తిట్టుకోవాల?"

"నన్ను" అన్నాను.

తల ఎత్తి చూసింది. "నిన్ను తిట్టేదానికి నోరు రాదు గదత్తా. అదే కష్టంగా ఉండాది" అంది. లేచి లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. వాళ్ళమ్మ అన్నం తినమంది. తినకుండా రావడం తప్పని తిన్నాను. స్టేషను దాకా పోలయ్య వచ్చాడు. దారిలో ఒకటే మాట అన్నాడు. "చెప్పకుంటే పోయేది గదా వదినా." బిడ్డ తనను తాను తిట్టుకుంటోందని ఆయనకూ తెలియదు.

నువ్వు చెప్పవద్దన్నావు. చెప్పకుంటే ఆమె నా గడపలోకి వచ్చేది, నిజమే. రోజూ నీళ్ళ బిందె చూసి తనను తిట్టుకుంటూ, నాకు అన్నం వడ్డించేది. నేను తినేదాన్ని.

పేజీ మానేయవద్దు. మానేస్తే ఆ మాట చెప్పడానికి నీకు చోటు ఉండదు. నర్సమ్మ ఉత్తరం వేయించు. దాని కింద, మార్కాపురం అక్కయ్య అసలు పేరు శేషమ్మ అని, తుడిచిన తరువాత మిగిలే ఎరుపు మంచిదని ఆమె రాసింది తప్పని, ఆ ఎరుపును నమ్మి తన ఇంట్లోనే ఒక బిడ్డను పోగొట్టుకుందని వేయి. కోడలి పేరు వద్దు. ఈసారి వాదించు. పేజీ పోతే అప్పుడు పోనీ. అచ్చయినా కాకపోయినా ఆ నర్సమ్మకు జవాబు రాయి. ఎనిమిది నెలలుగా ఎదురు చూస్తూ ఉంటుంది.

వెంకటస్వామి శనివారం శనివారం గిద్దలూరు పోయి వస్తున్నాడు. ఎప్పుడు వస్తావని వాడు అడిగితే, "చూస్తాం" అందట. నేను కబురు పెట్టలేదు, పెట్టను. ఆమె వాడిని ఆ ఊళ్ళోనే ఉండి ఏదైనా పని చూసుకోమన్నా నేను కాదనను. అదీ వాడికి చెప్పాను.

నా ఆరోగ్యం బాగుంది. పొద్దున్నే లేచి దీపం పెడుతున్నాను. ఇన్నేళ్ళూ దీపం ముందు కూర్చుంటే ఇంట్లో ఒక్కొక్కరి పేరు చెప్పి ఏదో ఒకటి అడిగేదాన్ని. ఇప్పుడు నాగేంద్రమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి ఏమి అడగాలో తెలియడం లేదు. తిరిగి రావాలని అడిగితే అది నా కోసం. అందుకని పేరు మాత్రం చెప్పి, దండం పెట్టి లేస్తున్నాను.

అక్క
శేషమ్మ